జిగురు పూసే ఆవిడ

“మా ఆవిడా? ఆవిడ జిగురు పూస్తుందండీ, అంతే” అన్నాడు సౌండుబాబు.

అన్నది నడివీధిలో, నలుగురి మధ్య నిలబడి. కొత్త దుకాణం అద్దాల ముందు కస్టమర్లకి కూల్‌డ్రింకులు అందిస్తూ నవ్వుతూ అన్నాడు. ఆవిడ తన వెనకాలే ఉందని చూసుకోలేదు. చూసుకున్నా అనేవాడేనని ఆవిడకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఆవిడ వచ్చింది రూటర్ అడగడానికి. చెక్కలో గాడి తీసే ఆ మిషను స్పీకరు పెట్టెలు చేసే తమ షెడ్డుది, మావగారు కొన్నది. సౌండుబాబు ఇల్లు విడిచి వెళ్లిన పొద్దున దాన్ని వ్యాన్‌లో పెట్టుకుపోయాడు. దాంతోపాటు మావగారి అచ్చులూ, అంటే హారన్ పెట్టె లోపలి చెక్కల్ని గీసుకునే ప్లైవుడ్ కొలత ముక్కలు, పట్టుకుపోయాడు. “ఈ షెడ్డులో, మీ ఇద్దరి మధ్యా నాకు ఊపిరాడట్లేదు. నేను ఎదగాలి” అన్నాడు పోతూ పోతూ. ఎదగడానికి రూటర్ ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు.

ఆ రోజు రూటర్ అడక్కుండానే వెనక్కి తిరిగింది. నడుస్తుంటే చెవులు వేడెక్కిపోయాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ షెడ్డులో ఆవిడ చెయ్యని పని లేదు. చెక్క కోసింది, బిగించింది, వైర్లు అతికించింది, ఏ పెట్టెలో ఏ మూల గాలి లీకవుతోందో చెయ్యి అడ్డుపెట్టి పట్టుకుంది. జిగురు కూడా పూసింది, నిజమే. ఆ ఒక్కటే లోకానికి చెప్పాడు.

ఇంటికెళ్లి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారిని ఆ పేటలో అందరూ రంపమ్మ అంటారు. రంపం పట్టిన చెయ్యి ఎంత తిన్ననో నోరు అంత పదును. ఆవిడ విని, చేతిలో ఉన్న చెక్క పేడు బల్ల మీద పెట్టి, “దుకాణం బోర్డు మీద ఏం రాశాడు?” అని అడిగింది.

“ఆయన పేరే. పెట్టెల మీద కూడా ఆయన పేరే అత్తయ్యా. మావయ్యగారి పెట్టె మీద.”

రంపమ్మ బల్ల మీది పొట్టు చేత్తో ఊడ్చింది. ఆ పెట్టె ఆవిడ భర్త ఏళ్ల తరబడి చెవితో విని, కోసి, పారేసి, మళ్లీ కోసి తయారుచేసింది. ఇరుకు గొంతు దగ్గర స్పీకరు పెడితే, శబ్దం పెట్టె లోపల మలుపులు తిరుగుతూ, వెడల్పవుతూ, చివరికి పెద్ద నోటిలోంచి బయటికొస్తుంది. మామూలు పెట్టె కన్నా ఎన్నో రెట్లు గట్టిగా పలుకుతుంది.

“నా కడుపున పుట్టినవాడే” అంది చివరికి. “అయినా సరే, వదలను. నువ్వు?”

“నేను అసలు వదలను.”

అత్తాకోడళ్లు ఒక మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అదే మొదలు.

*

అచ్చులు లేవు. మావగారి కొలతలు మనసులో ఉన్నవి కొన్ని, మరిచిపోయినవి ఎక్కువ. అప్పుడు కోడలికి ఒక సంగతి గుర్తొచ్చింది. హారన్ పెట్టెల్ని కంప్యూటర్లోనే కట్టి చూసే సాఫ్ట్‌వేర్ ఒకటుందని, డబ్బులక్కర్లేదని స్పీకర్లు అమ్మే కంపెనీవాడు ఒకసారి చెప్పాడు. సౌండుబాబు అప్పుడు “చెక్కని చెక్కతో నేర్చుకోవాలి, కంప్యూటర్‌తో కాదు” అని కొట్టిపారేశాడు. ఆయన కొట్టిపారేశాడన్న ఒక్క కారణం చాలు ఆవిడకి.

షెడ్డు మూల ఉన్న పాత కంప్యూటర్ మీద పొట్టు దులిపి కూర్చుంది. తెర తెరిస్తే అన్నీ ఖాళీ గళ్లు. గొంతు వైశాల్యం ఎంత, నోరు ఎంత, ఆ రెంటి మధ్య దారి ఎంత పొడుగు, ముందుకీ వెనక్కీ ఊగే స్పీకరు కోన్ బరువెంత, అయస్కాంతం బలమెంత. ఒక్కోటీ నింపి మీట నొక్కితే గ్రాఫ్ రావాలి. మొదటిసారి వచ్చిన గ్రాఫ్ చూసి రంపమ్మ, “ఇదేంటి, నా రంపం పళ్లలా ఉంది?” అంది.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి కోడలికి వారం పట్టింది. వైశాల్యం అడిగిన చోట అడ్డం కొలత ఇచ్చింది. అంత పెద్ద పెట్టెకి పిల్లిపిల్ల దూరేంత నోరు పెట్టిందన్నమాట. తెలిశాక తనలో తనే నవ్వుకుంది, మళ్లీ వెంటనే ఒళ్లు మండింది. జిగురు పూసే ఆవిడ కదా, ఇవన్నీ ఎలా తెలుస్తాయి అని ఆయన గొంతే లోపల వినబడింది. ఆ గొంతు వినబడినప్పుడల్లా ఇంకో గంట ఎక్కువ కూర్చునేది.

మధ్యాహ్నాలు, అతికించిన చెక్కలు ఆరుతున్నంతసేపూ అదే పని. నోరు కాస్త పెంచితే గ్రాఫ్ ఎక్కడ లేస్తుందో, దారి పొడిగిస్తే కింది శబ్దం ఎంత లోతుకి దిగుతుందో, గొంతు మరీ బిగిస్తే ఏం పాడవుతుందో చూసేది. చెక్కతో అయితే ఒక్కో మార్పుకీ ఒక పెట్టె కొయ్యాలి. ఇక్కడ ఒక అంకె మారిస్తే చాలు. మావగారు బతికుంటే ఈ కుర్చీలోంచి లేచేవారు కాదనిపించింది ఆవిడకి. మావగారి పెట్టెని కూడా గుర్తున్నంత మేర గళ్లలో నింపి చూసింది. గ్రాఫ్ దాదాపు నున్నగా వచ్చింది. ఉత్త చెవితో ఇంత దగ్గరికి ఎలా వచ్చాడా మనిషి అని ఆశ్చర్యపోయి, అత్తగారిని పిలిచి చూపించింది. రంపమ్మ ఆ గీతని వేలితో తడిమి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోయింది.

ఒకసారి కోడలు ఖరీదైన తప్పే చేసింది. గట్టిగా పలికే పెట్టె ఒకటి గీసి, అత్తగారి చేత కోయించి, బిగించి, లోతైన శబ్దం పెట్టి వాల్యూమ్ పెంచింది. స్పీకరు కోన్ టపటపా కొట్టుకుని, కాలిన వాసన వేసి ఆగిపోయింది. తెర మీది గ్రాఫ్ అంత చక్కగా ఉంటే ఇలా ఎందుకైందో తెలియక మళ్లీ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంది. ఇన్నాళ్లూ ఎప్పుడూ తెరవని ఇంకో గ్రాఫ్ ఉందందులో. శబ్దం ఎంత గట్టిగా వస్తుందో చెప్పేది మొదటిది. కోన్ ఎంత దూరం ఊగుతుందో చెప్పేది రెండోది. హారన్‌కి ఒక హద్దుంది. ఆ హద్దు పైన లోపలి గాలి కోన్‌ని పట్టి ఉంచుతుంది. హద్దు దిగి ఇంకా లోతైన శబ్దం పంపితే పట్టుకునే గాలి ఉండదు, కోన్ అదుపు తప్పి ఊగి చస్తుంది. అందుకే ఆంప్లిఫయర్‌లో కింది శబ్దాన్ని కోసేసే ఫిల్టర్ పెట్టుకోవాలి. రెండో గ్రాఫ్‌లో గీత ఒక చోట నిటారుగా పైకి లేచి ఉంది. అంత స్పష్టంగా.

“స్పీకరు పోతే పోయింది గానీ, తెలిసింది కదా” అంది రంపమ్మ. కాలిన తీగచుట్ట, ఆ కాయిల్ కేసి మాత్రం చాలాసేపు చూసింది.

*

ఆ తర్వాత గీసిన పెట్టె నిజంగా మంచిది. మావగారి పెట్టె కన్నా చిన్నది, తేలిక, శబ్దం శుభ్రం. ఇద్దరూ దాన్ని కోసి బిగించి, ఎవరికి చూపించాలా అని ఆలోచిస్తున్న సమయంలో సౌండుబాబు వచ్చాడు.

తియ్యగా వచ్చాడు. అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. “ఏదో నేర్చుకుంటున్నావట?” అన్నాడు పెళ్లాంతో.

ఆవిడకి ఎక్కడో చిన్న ఆశ. మెచ్చుకుంటాడేమోనన్న ఆశ. అన్నేళ్ల కాపురం ఒక్కరోజులో పోదు కదా. “చూడండి” అని కుర్చీ చూపించి, టీ పెట్టడానికి లోపలికెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు, చెయ్యి జేబులో ఉంది. టీ తాగకుండానే పనుందని వెళ్లాడు.

నెల తిరక్కుండా ఆ పెట్టె కొత్త దుకాణం అద్దాల వెనక నిలబడింది. పైన ఆయన పేరు. ఊరి పెద్ద డాన్సు హాలువాళ్లు దాన్నే కొన్నారు. “కుర్రాడు కొత్తగా కనిపెట్టాడు” అని చెప్పుకున్నారు. కంప్యూటర్ చూస్తే, ఆయన వచ్చిన రోజు, తను టీ పెడుతున్న సమయానికి ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కినట్టు ఉంది.

కోడలు ఏడవలేదు. అన్నం మాత్రం సహించలేదు. కంచం ముందు కూర్చుని, మెతుకులు వేళ్లతో అటూ ఇటూ జరుపుతూ, “మళ్లీ వస్తారు అత్తయ్యా” అంది.

“వస్తే కాళ్లు విరగ్గొడతా.”

“వద్దు. రానివ్వండి. ఈసారి నేనే ఇస్తాను.”

మర్నాటి నుంచీ ఇంకో పెట్టె గియ్యడం మొదలుపెట్టింది. ఇంతకు ముందెప్పుడూ అంత మనసు పెట్టలేదు. కోపం చేతికి అంత నిలకడ ఇస్తుందని ఆవిడకి తెలియదు. పొట్టి హారన్, వెడల్పు నోరు. పలికితే పొట్టలో పేగులు కదలాలి. మొదటి గ్రాఫ్ కొండలా లేచి, పైన బల్లలా చదునుగా నిలబడింది. ఆ పని చేసేవాడెవడు చూసినా నోరూరిపోతుంది. రెండో గ్రాఫ్‌లో, హద్దు కిందకి రాగానే, గీత నిట్టనిలువుగా లేచింది.

రంపమ్మ వెనక నిలబడి చూసింది. “ఇందులో తప్పేం పెట్టావ్?”

“ఏ తప్పూ పెట్టలేదత్తయ్యా. పెట్టె బంగారంలాంటిది. ఫిల్టర్ పెట్టుకుని వాడితే దీన్ని మించింది లేదు. ఆ సంగతి రెండో గ్రాఫ్‌లో ఉంది. ఒక్క మీట నొక్కితే కనిపిస్తుంది.”

“వాడు నొక్కుతాడా?”

“మీ కొడుకు. మీరే చెప్పాలి.”

“స్కూల్లో ఏ పాఠం రెండో పేజీ తిప్పాడు గనకా” అంది రంపమ్మ. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక రంపమ్మ కళ్లు తుడుచుకుంటూ, “ఎవరికీ దెబ్బలేం తగలవు కదా?” అని అడిగింది.

“స్పీకర్లకి తగుల్తుంది. పరువుకి తగుల్తుంది.”

“సరే అయితే.”

అనుకున్నట్టే వచ్చాడు. కొత్త క్రీడా మైదానం ప్రారంభానికి సౌండు కాంట్రాక్టు దొరికిందని, ఊరంతా వస్తుందని, అమ్మ దీవెన కోసం వచ్చానని అన్నాడు. మాట అమ్మతో, చూపు కంప్యూటర్ మీద. తెర మీద మొదటి గ్రాఫ్ మెరుస్తోంది. పక్కనే చెక్క కోసే కొలతలన్నీ ఉన్న ఫైలు.

“టీ పెడతాను” అంది కోడలు. ఈసారి నీళ్లు మరిగేదాకా, పాలు పొంగేదాకా, పంచదార కరిగేదాకా ఓపిగ్గా వంటింట్లోనే నిలబడింది. షెడ్డులో కుర్చీ కిర్రుమన్న చప్పుడు విని, ఇంకో నిమిషం ఆగి, టీ పట్టుకెళ్లింది.

ఆ టీ మాత్రం తాగి వెళ్లాడు. “బావుంది” అన్నాడు కూడా.

*

ప్రారంభం సాయంత్రం. మైదానం నిండా జనం. వేదికకి రెండు పక్కలా హారన్ పెట్టెలు గోడల్లా పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా సౌండుబాబు పేరు, ఎర్ర అక్షరాల్లో. అత్తాకోడళ్లు మూడో వరసలో కూర్చున్నారు. సౌండుబాబు సౌండు మిక్సర్ బల్ల వెనక నిలబడి, నల్ల కళ్లద్దాలు నెత్తి మీదకి తోసుకుని, మైదానం మేనేజరుతో గొప్పలు చెబుతున్నాడు. “కింది శబ్దం కోసేస్తే ఇంకేం మిగుల్తుంది సార్? నేను ఫిల్టర్లు గట్రా పెట్టను. ఉన్నదంతా వదిలేస్తా.”

ఆ మాట కోడలి చెవిన పడింది. లేచి వెళ్లి ఒక్క ముక్క చెబితే చాలు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

మొదటి పాట మొదలైంది.

అప్పుడు జరిగింది ఆవిడ అనుకోనిది. ఆ శబ్దం ఆవిడ ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టినట్టు వచ్చింది. శుభ్రంగా, నిండుగా, మైదానం చివరి వరస దాకా. జనం ఒక్కసారిగా హోరుమన్నారు. ఇన్నాళ్లూ తెర మీద గీతగా చూసింది ఇప్పుడు వేల మందిని కుర్చీల్లోంచి లేపుతోంది. అది తన పెట్టె. తన నోరు, తన గొంతు, తన మలుపులు. గర్వంతో కళ్లు చెమర్చాయి. ఆ గర్వం వెనకే, ఇంత మంచి పెట్టెని చంపడానికి గీశానా అనుకుంది. రంపమ్మ చెయ్యి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఏ ఉద్దేశంతో పట్టుకుందో ఆవిడ అడగలేదు.

రెండు పాటలు అయ్యాయి. సౌండుబాబు రెండు చేతులూ పైకెత్తి జనానికి ఊపాడు. ఎవరో “ఎవరివయ్యా ఈ పెట్టెలు?” అని అరిస్తే, తన గుండె మీద చెయ్యి వేసుకుని చూపించాడు. కోడలి కళ్ల నీళ్లు అక్కడికక్కడ ఇంకిపోయాయి.

క్రీడాకారులు నడిచి వచ్చే ఘట్టానికి ఉరుము శబ్దం పెట్టారు. పెద్ద ఉరుము, నేల కింద నుంచి వచ్చేది. సౌండుబాబు మీట పైకంటా తోశాడు. ఎడమ పక్క పెట్టెలు టపటపమన్నాయి, చెక్క మీద ఎవరో చెప్పులతో కొడుతున్నట్టు. ఆయన తప్పు ఇంకెక్కడో ఉందనుకుని ఇంకా పెంచాడు. ఒక పెట్టె మూగబోయింది. దాని పక్కది. తర్వాత కుడి పక్క వరసగా. ఒక నోటిలోంచి పల్చటి పొగ వచ్చింది, కాలిన కాయిల్ వాసన మూడో వరస దాకా కొట్టింది. ఆఖరికి మైదానంలో మిగిలింది నడిచి వస్తున్న క్రీడాకారుల బూట్ల చప్పుడు. ఆ వెంటనే జనం నవ్వు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. “ఏంటయ్యా ఇది? ఏం పెట్టెలివి?”

సౌండుబాబు మొహం తెల్లబోయి ఉంది. వైర్లు పీకాడు, పెట్టాడు. తల పైకెత్తితే మూడో వరసలో పెళ్లాం కనిపించింది. ఆవిడ తల దించుకోలేదు. ఆయన చూపులో మొదట ఏమీ లేదు. తర్వాత మెల్లగా అర్థమైంది.

“ఇది!” అని వేలు చూపించి అరిచాడు. “ఇదే నన్ను ముంచింది! ఈ డిజైన్ దీనిదే! కావాలని నాకు అంటగట్టింది!”

చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయాడు. వేదిక మీది చిన్న స్పీకర్లు బానే ఉన్నాయి. మాట మైదానమంతా వినబడింది.

మేనేజరు ఆయన్నీ, ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. “నీదన్నావు కదయ్యా? నువ్వే కనిపెట్టానన్నావు?”

సౌండుబాబు మైకు ఆపేశాడు.

“ఆ డాన్సు హాలులోవి?”

సౌండుబాబు మళ్లీ వైర్ల మీదకి వంగాడు. ముందు వరసలోనే డాన్సు హాలు యజమాని ఉన్నాడు. ఆయనకి అదే చాలింది.

కోడలు లేచి వేదిక దగ్గరికి నడిచింది. ఎవరూ పిలవలేదు, తనే వెళ్లింది. పెట్టె మీద చెయ్యి వేసింది, ఇంకా వెచ్చగా ఉంది.

“డిజైన్‌లో తప్పులేదు” అంది మేనేజరుతో. “వాడే పద్ధతి ఇంకో గ్రాఫ్‌లో ఉంది. తీసుకున్నవాళ్లు చూసుకోవాలి.”

“కొన్నయినా మళ్లీ పలుకుతాయేమోనమ్మా. బాగుచెయ్యగలవా? కార్యక్రమం సగమే అయింది.”

“చెయ్యగలను.” ఆవిడ మొగుడి కేసి తిరిగింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన్ని మీరు అనే పిలిచింది. “చెయ్యను. నువ్వు చేసుకో. నాకు జిగురు పూయడమే కదా వచ్చు.”

ఆ నువ్వు అన్న మాటకి ఆయన చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగాడు.

*

దారి పొడుగునా కోడలికి ఒళ్లంతా తేలిగ్గా ఉంది. జ్వరం దిగినట్టు ఉంది. ఇంటికొచ్చి రెండుసార్లు వడ్డించుకుని తింది. రంపమ్మ తినలేదు.

“వాడి మొహం చూశావా?” అంది. “చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాడు. అప్పుడూ అలాగే పెట్టాడు. ఏడవడం కూడా మరిచిపోయి.”

“మీకు బాధగా ఉందా అత్తయ్యా?”

“ఉంది. అయినా మళ్లీ చెయ్యమంటే చేస్తాను. నీకు?” అంది.

కోడలు ఆలోచించింది. “ఆయన గురించి లేదు. పెట్టెల గురించి ఉంది.”

ఊరు రెండుగా మాట్లాడింది. దొంగకి తగిన శాస్తి అన్నారు కొందరు. తెలిసి తెలిసి చెప్పకుండా కూర్చుంది, రేపు మన పెట్టెలో ఏం పెడుతుందో అన్నారు ఇంకొందరు. ఆ రెండో మాట ఆవిడకి కాస్త గుచ్చుకుంది, కానీ కాదని వాదించలేదు. డాన్సు హాలు యజమాని మాత్రం మర్నాడే షెడ్డుకి వచ్చి, పాత పెట్టెలకి ఏ ఫిల్టర్ పెట్టాలో అడిగి రాసుకుని, కొత్తవాటికి ఆర్డరిచ్చాడు. కుర్చీ చివర కూర్చుని భయం భయంగా అడిగాడు, అది వేరే సంగతి.

కొన్నాళ్లకి సౌండుబాబు గేటు దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. కళ్లద్దాలు లేవు. దుకాణం అద్దాలకి కాగితాలు అంటించేశారని అప్పటికే తెలుసు.

“కలిసి చేద్దాం” అన్నాడు. “నువ్వు గియ్యి, నేను అమ్ముతాను. నాకూ ఆ సాఫ్ట్‌వేర్ నేర్పు.”

“‘ఈ డిజైన్ దీనిదే’ అని మైదానంలో అరిచిన మాట, ప్రతి కస్టమర్ దగ్గరికీ వెళ్లి మెల్లగా చెప్పు. అందరికీ చెప్పాక రా.”

“అందరికీనా?”

“అందరికీ.”

ఆయన కాసేపు గేటు ఊచలు పట్టుకుని నిలబడి, వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పినట్టు ఆవిడ వినలేదు. ఎదురుచూడనూ లేదు.

రంపమ్మ ఇప్పుడు అప్పుడప్పుడు మధ్యాహ్నం గిన్నెలో అన్నం సర్దుకుని కొడుకు ఉంటున్న అద్దె గదికి వెళ్లొస్తుంది. అక్కడ ఏం మాట్లాడుకుంటారో ఆవిడ చెప్పదు, కోడలు అడగదు. వెళ్లేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, “ఆ పెద్ద చెక్క నేనొచ్చాక కోద్దాం, నువ్వు ఒక్కదానివే ఎత్తకు” అని మాత్రం చెప్పి వెళ్తుంది.